ఏడుగురు తాతల పేర్లు

కజకిస్తాన్‌లోని సెమెయ్‌లో వైద్యం చదివే రోజుల్లో మా ఇంటి యజమాని, పెద్దాయన, ఆరేళ్ల మనవణ్ణి భోజనాల బల్ల ముందు నిలబెట్టి పేర్లు అప్పజెప్పించేవాడు. తండ్రి, తాత, ముత్తాత... అలా ఏడో పేరు దాకా. ఐదో పేరు దగ్గర పిల్లాడు తడబడితే అందించేవాడు కాదు, మళ్లీ మొదటినుంచి చెప్పమనేవాడు. అది పూర్తయ్యాకే మాంసం, పిండి రేకుల పళ్లెం బల్ల మీదికి వచ్చేది.

కజక్కులు దీన్ని ‘జెతి అత’ అంటారు, ఏడుగురు తాతలని. మొత్తం వంశక్రమం ‘షెజిరె’. గొర్రెల్ని, గుర్రాల్ని తోలుకుంటూ కాలానికో చోటికి మారే జనం ఊరి పేరు చెప్పుకోలేరు కదా. స్టెప్పీలో కొత్త మనిషి కనబడితే ఎవరి తాలూకని అడిగేవారు. అతను తన జుజ్ (తెగల పెద్ద కూటమి), తెగ, తాతల పేర్లు చెప్పేవాడు. హత్య జరిగితే కట్టాల్సిన ‘కున్’ పరిహారాన్ని తెగవాళ్లంతా కలిసి భరించాలి. మంచుకు మంద చచ్చి చితికిపోయినవాడికి తలా ఒక పశువిచ్చి నిలబెట్టాలి. అన్నిటికన్నా గట్టి కట్టు పెళ్లిది: తండ్రి వైపు ఏడు తరాల లోపు కలిసేవాళ్లంతా అన్నాచెల్లెళ్లే. మా వైపు మేనరికాల గురించి చెబితే పెద్దాయన నమ్మలేక ఆ వరస మళ్లీ మళ్లీ అడిగాడు. మన గోత్రమూ తండ్రి వైపే నడుస్తుంది. కానీ అది ఋషి పేరు చెప్పి ఆగిపోతుంది. ఋషికీ మనకూ నడుమ బతికిన మనుషుల్లో తద్దినం నాడు తలుచుకునేది మూడు తరాల వాళ్లనే.

నోటి మీద నడిచిన ఈ చరిత్రను పుస్తకానికి ఎక్కించినవాళ్లలో నేను ముందుగా తలిచేది షకరీమ్ కుదైబెర్దియులిని. సెమెయ్ ప్రాంతపు చింగిస్ కొండల్లో 1858లో పుట్టాడు. మహాకవి అబాయ్‌కి అన్న కొడుకు. ముసలివాళ్లు చెప్పినదాన్ని, 17వ శతాబ్దంలో అబుల్ గాజీ రాసిన తుర్కుల వంశచరిత్ర వంటి పాత గ్రంథాలను దగ్గర పెట్టుకుని, తుర్కుల, కిర్గిజుల, కజక్కుల, ఖాన్ల వంశావళిని 1911లో ఒరెన్‌బర్గ్‌లో అచ్చు వేయించాడు. 1931లో సోవియట్ మనుషులు ఆయన్ని కాల్చి చంపి పాడుబడ్డ బావిలో పడేశారు. కొడుకు అహత్ 1961లో ఆ ఎముకల్ని వెతికి తీసి, జిదెబాయ్‌లో అబాయ్ సమాధి పక్కన పూడ్చాడు.

ఆయన్ని చంపిన ఆ ఏళ్లలోనే, 1930-33 మధ్య, కరువుకు పది లక్షల మందికి పైగా కజక్కులు పోయారు. ముసలివాళ్లూ పిల్లలూ కలిసి పోయిన ఇళ్లలో పేర్లు అప్పజెప్పించేవాళ్లూ లేరు, అప్పజెప్పేవాళ్లూ లేరు. మిగిలినవాళ్లు తెగ మాటెత్తితే సోవియట్ అధికారులు పాతకాలపు జాడ్యం అన్నారు. అయినా 1991లో స్వాతంత్ర్యం వచ్చాక ఇంటింటా షెజిరెలు మళ్లీ బయటికొచ్చాయంటే, ఎవరో ఒకరు గుట్టుగా చెబుతూనే ఉన్నారన్నమాట.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడలేదు. పెద్దాయన భార్య తన పుట్టింటి ఏడు పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పేది. మనవడి పట్టికలో ఆమె పేరు లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే పేర్లు రాయించుకోండి. అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరుతో మొదలుపెట్టండి.