గొడ్డలి, చీల, మిషను

"తమ్ముడూ, పట్నంలో కర్రలు చీల్చే మిషను దొరుకుతాదంట. ఎంతో కనుక్కొని సెప్పు" అని మా అన్నయ్య అనంతగిరి మండలం నుంచి ఫోను చేశాడు. ఆయనకు యాభై దాటాయి. కాఫీ తోటలో జారిపడిన దగ్గర్నుంచి కుడి భుజం పైకి లేవడం లేదు. వంటకు, స్నానాల నీళ్ళకు, చలికాలం నెగడుకు కట్టెలు చీల్చే పని మా వదిన మీద పడింది. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. సిలిండరు అయిపోతే మళ్ళీ తెచ్చుకోవడానికి ఒక రోజు కూలీ పోతుంది. అందుకే కట్టెల పొయ్యి ఆరలేదు.

నేను ఏజెన్సీ బడిలో పాఠాలు చెబుతూ, పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని గాజువాకలో పెట్టినవాణ్ణి. శనివారం దిగినప్పుడు వ్యవసాయ పనిముట్ల దుకాణాలు నాలుగు తిరిగాను. మూడు చోట్ల అలాంటి సరుకు లేదన్నారు. నాలుగో చోట ఒక బొమ్మ చూపించారు. ఒక ఇనుప దూలం, దాని కొసన దళసరి చీల, రెండో కొసన నూనె ఒత్తిడితో ముందుకు జరిగే కడ్డీ. మధ్యలో దుంగ పెడితే కడ్డీ దాన్ని మెల్లగా చీల మీదికి నెడుతుంది. రెండు హార్స్‌పవరు కరెంటు మోటారుతో నడిచే చిన్నదైతే ఐదారు టన్నుల బలంతో నెడుతుందట. పెట్రోలుది ఇరవై టన్నుల పైమాటే. "మాస్టారూ, అడితి పెడతారా?" అని దుకాణాయన అడిగాడు. ఇంటి పొయ్యికి అంటే నమ్మలేదు.

ఈ యంత్రంలో ఉన్న సూత్రం పాతదే. సన్న గొట్టంలో నూనెనో నీళ్ళనో కొద్ది బలంతో నొక్కితే, దానికి కలిసిన లావు గొట్టంలో ఆ బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే ఆయన 1795లో దీని మీద పేటెంటు తీసుకున్నాడు. పిల్లలకు పాస్కల్ నియమం అని చెప్పేది ఇదే. కట్టెల మిషను అని చెబితే మా పిల్లలకు ఇంకా తొందరగా ఎక్కేది.

మన దగ్గర పనిముట్టు గొడ్డలి. మా అయ్య గొడ్డలి లారీ కమాను పట్టీతో చేసింది. సంతలో కమ్మరి కొలిమిలో కాల్చి, సాగగొట్టి, అంచుకు నీళ్ళు పెట్టి ఇచ్చాడు. నరకడానికీ చీల్చడానికీ అదొక్కటే. అక్కడే చిక్కు ఉంది. నరికే గొడ్డలికి అంచు పలచగా ఉండాలి, నారకు అడ్డంగా తెగాలి. చీల్చే దానికి బుగ్గలు లావుగా ఉండాలి, నార వెంబడి దిగి రెండు పక్కలకూ తోసెయ్యాలి. పలచటి గొడ్డలితో చింత మొద్దును కొడితే దిగబడి కూర్చుంటుంది. దాన్ని ఊపి ఊపి లాగడంలోనే భుజాలు పోతాయి. చింత నార మెలిక తిరిగి ఉంటుంది, దానికి గొడ్డలి కాదు, చీల కావాలి. నీలగిరి, సరుగుడు పచ్చిగా ఉన్నప్పుడే చీల్చుకోవాలి, ఎండితే రాయి. సిల్వర్ ఓక్ తేలిగ్గా చీలుతుంది, అంతే తేలిగ్గా కాలిపోతుంది. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్ళే. చీల్చి గాలికి పేరిస్తేనే ఆ నీళ్ళు పోతాయి, లేకపోతే ఆ నీటినంతా మన ఆడవాళ్ళు పొగ రూపంలో పీల్చాలి.

ఆ గొడ్డలి పట్టుకోవడం వెనక ఒక చరిత్ర ఉంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన్యం అడవులు రిజర్వు కింద చేరుతూ వచ్చాయి. రిజర్వులో అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరమైంది, పోడు కొట్టడం నేరమైంది. నిన్నటిదాకా పనిముట్టుగా ఉన్నది సాక్ష్యంగా మారింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం కొండల వాళ్ళు కదలడానికి అడవి మీద ఈ ఆంక్షలు, నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన చోట పడ్డ చాకిరీ ముఖ్య కారణాలు. ఆ ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు తీసుకుపోయిన సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉంది. గొడ్డలి సంగతి లేదు.

నాకు పదేళ్ళప్పుడు మా అయ్య ఎండిపోయిన మద్ది కొమ్మ మోసుకొస్తుంటే ఒక ఉద్యోగి దారిలో ఆపాడు. కొమ్మ వదిలేసి గొడ్డలి పట్టుకుపోయాడు. తర్వాతి సంత దాకా అమ్మ చేత్తో విరిచిన పుల్లలతోనే అంబలి కాచింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల లెక్కలో వెదురు, తేనె, తునికాకుతో పాటు చితుకులను, మొద్దులను కూడా చేర్చింది. చట్టం చదివినప్పుడు నేను ముందు వెతికిన మాట అదే. చీల్చడానికి అన్నిటికన్నా కష్టమైనది మొద్దే అయినా, అది మనదని కాగితం మీద ఉండడం చిన్న విషయం కాదు.

మా ఊరి పక్కనుంచే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం పోతుంది. జపానుకు బైలదిల్లా ఇనుప రాయి పంపడం కోసం 1960లలో వేసింది. కొండలు తొలిచి యాభైకి పైగా సొరంగాలు చేశారు. చిన్నప్పుడు ఆ గూడ్సు డబ్బాలు లెక్కపెట్టేవాళ్ళం. రాయి నేరుగా విశాఖ రేవుకు పోయేది. 1933లో తెరుచుకున్న ఆ రేవుకు మొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఇన్ని జరిగినా మాకు గొడ్డలి ఇనుము మాత్రం పాత లారీ కమానులోంచే వచ్చింది.

గ్యాసు మాట కూడా అంతే. విశాఖలో 1957 నుంచి నూనె శుద్ధి కర్మాగారం ఉంది. డాల్ఫిన్ నోస్ దగ్గర రాతి కింద గుహలు తొలిచి 2007 నుంచి వంటగ్యాసు నిల్వ చేస్తున్నారు. దాని సామర్థ్యం 60 వేల టన్నులు. 14.2 కిలోల సిలిండర్ల లెక్క వేస్తే 42 లక్షలకు పైగా. అనంతగిరి నుంచి ఆ కొండకు రైలు దారి ఉంది. మా వదిన ఇంటి ముందు మొద్దూ ఉంది.

పట్నం వాళ్ళకు కట్టె అక్కర తీరిపోయిందని అనుకోవడానికి లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు వీధి వీధికీ చెట్లు పడ్డాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు. పడ్డ చెట్లను కోయడానికి రంపాలు దొరికాయి గాని, కోసిన దుంగలను చీల్చడం ఎలాగో మా వీధిలో తెలిసినవాళ్ళు ముగ్గురే. ఇద్దరు కొండ మీద నుంచి వచ్చిన కూలీలు, మూడోవాణ్ణి నేను. మాస్టారు గొడ్డలి పట్టాడని పక్కింటి పిల్లలు గుంపుగా నిలబడి చూశారు. పైన అరకు వైపు కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి. ఆ ఏడు మా అన్నయ్య ఇంట్లో కట్టెకు కరువు లేదు, కాఫీకే కరువు.

మిషను గురించి అన్నయ్యతో రెండు గంటలు మాట్లాడాను. మా ఊళ్ళో సాయంత్రం వోల్టేజి పడిపోతుంది, ఆ మోటారు తిరగదు. పెట్రోలుది ఘాటీలో ఎక్కించడానికే నలుగురు కావాలి. చెడితే బాగుచేసేవాడు గాజువాకలోనే ఉంటాడు. ఇంకొక మాట ఆయనే అన్నాడు: "ఇంటి ముందు అంత మిషను పెడితే, ఇంత కర్ర ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అని అడగరా?" నాకు ఆ ఆలోచన రాలేదు. పదేళ్ళప్పటి సంగతి ఆయన మరిచిపోలేదు.

చివరికి గాజువాకలో రెండు ఇనుప చీలలు, నాలుగు కిలోల సమ్మెట ఒకటి కొన్నాను. చీల్చే గొడ్డలిని మాత్రం సంతలో కమ్మరి దగ్గరే, లావు బుగ్గలతో, మూడు కిలోల బరువు రాకుండా చేయించాం. వదిన ఎత్తగలగాలి కదా. దుంగ పగుళ్ళు ఎటు పారాయో చూసి, ముడి లేని కొసన మొదటి చీల పెట్టి, బిగిశాక దాని పక్క పగులులో రెండోది పెట్టాలని చూపించాను. వదిన నవ్వి, "అది మీ అమ్మ నాకు పెళ్ళైన కొత్తలోనే సెప్పింది మరిదీ, చీలే లేదు అప్పుడు" అంది. ఆ పూట చింత మొద్దు నాలుగు ముక్కలైంది. ఐదో ముక్కలో చీల ఇరుక్కుపోయింది. మళ్ళీ శనివారం ఇంకొక చీల పట్టుకెళ్ళాలి.