సర్వసేనాధిపతి – రక్షణ మంత్రి

దేశమునకు సేన కలదు. సేనకు అధిపతి కలడు. ఇక నడుమ రక్షణ మంత్రిత్వశాఖ ఎందులకు? మా మిత్రులు కొందరు అడుగు ప్రశ్న ఇది. 1905లో ఈ ప్రశ్నయే ఒక వైస్రాయి పదవికి ఎసరు తెచ్చినది.

ఆనాటి వైస్రాయి మండలిలో సైనిక విషయములు చెప్పువారు ఇద్దరుండిరి. సేనలను నడుపువాడు సర్వసేనాధిపతి. సరఫరాలను, వ్యయమును చూచుకొనుచు, సర్వసేనాధిపతి ప్రతిపాదనలపై వేరుగా అభిప్రాయము వ్రాయువాడు సైనిక సభ్యుడు. ఈయనయు సేనానియే గాని హోదాలో చిన్నవాడు. 1902లో సర్వసేనాధిపతిగా వచ్చిన కిచెనర్ ప్రభువునకు ఇది మింగుడుపడలేదు. తనకంటె తక్కువవాడు తన కాగితములపై విమర్శ వ్రాయుటయా! ఆ పదవి తొలగవలెనని పట్టుపట్టెను. అట్లయినచో వైస్రాయికి సలహా చెప్పు నోరు ఒక్కటే మిగులునని, సేనపై పౌర ప్రభుత్వపు అదుపు సడలునని కర్జన్ ప్రభువు వాదించెను. వంగదేశమును చీల్చిన కర్జన్ మనకు ఆప్తుడు కాడు. అయినను ఈ ఒక్క విషయమున న్యాయము ఆయన పక్షముననే యుండెనని మా తలంపు. లండన్ ప్రభుత్వము కిచెనర్ వైపు మొగ్గినది. కర్జన్ 1905 ఆగస్టులో రాజీనామా చేసెను. 1909 నాటికి రెండు బాధ్యతలును ఒక్కని చేతికే వచ్చినవి.

దాని ఫలము మెసపొటేమియాలో కనబడినది. మన దేశమునుండి వెళ్లిన సేన 1916 ఏప్రిల్‌లో కూత్ పట్టణమున శత్రువునకు లొంగిపోయెను. గాయపడిన సిపాయిలు వైద్యులు చాలక, నదిపై తరలించుటకు తగిన పడవలు లేక నానా యాతన పడిరి. యుద్ధకాలమున ఆ రెండు పనులను ఒక్క మనిషి సరిగా నెరవేర్చజాలడని 1917లో విచారణ సంఘము తేల్చినది. తప్పంతయు ఆ ఏర్పాటుదే అనుటకు వీలులేదు. కాని సర్వసేనాధిపతిని నిలదీసి అడుగగల రెండవ సైనికుడు మండలిలో లేకపోవుట చిన్న లోపము కాదు.

అయినను ఏర్పాటు చాలకాలము సాగినది. 1946 సెప్టెంబరు 2న తాత్కాలిక ప్రభుత్వము ఏర్పడి, సర్దార్ బల్దేవ్ సింగ్ రక్షణ సభ్యుడైన పిదపనే సర్వసేనాధిపతి మండలినుండి వైదొలగెను. 1947 ఆగస్టు 15 నుండి మూడు దళములకు ముగ్గురు అధిపతులైరి. ఢిల్లీలో సర్వసేనాధిపతి నివసించిన తీన్‌మూర్తి భవనమున 1948లో ప్రధాని నెహ్రూ కాపురముండుట కాకతాళీయమే కావచ్చును. చూచువారికి మాత్రము అర్థమైనది. 1955 ఏప్రిల్ 1 నుండి ఆ బిరుదమే పోయి, వారు కేవలము చీఫ్ ఆఫ్ స్టాఫ్‌లైరి. రాజ్యాంగమును బట్టి సర్వసేనాధిపత్యము రాష్ట్రపతిది. పార్లమెంటునకు జవాబు చెప్పువాడు మంత్రి.

2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ మొట్టమొదటి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ అయ్యెను. మంత్రిత్వశాఖలో క్రొత్తగా ఏర్పడిన సైనిక వ్యవహారముల విభాగమునకు ఆయనయే కార్యదర్శి అయ్యెను. సేనాని మరల సచివాలయమున అడుగిడెనన్నమాట. కాని కిచెనర్ కోరినది ఇది కాదు. రక్షణ కార్యదర్శి ప్రక్కగదిలో ఉండనే ఉన్నాడు. ఇద్దరి కాగితములును మంత్రి బల్లమీదికే పోవును.