ద్విచక్ర మోటారు వాహన లైసెన్సు (భారతదేశం)

మోటారు సైకిల్, స్కూటర్, మోపెడ్ వంటి రెండు చక్రాల బండిని బహిరంగ రహదారిపై నడపడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం రాష్ట్రాల రవాణా శాఖలు దీన్ని ఇస్తున్నాయి. ఆర్టీఓ ఆఫీసు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్, ఎల్‌ఎల్‌ఆర్, ఎల్ బోర్డు అన్న మాటలు చదువుతో నిమిత్తం లేకుండా తెలుగు ఊళ్లన్నిటా పాకడానికి కార్లకంటే ఈ బళ్లే ఎక్కువ కారణం. ఎవరి చేతికి ఎంత బండి ఇవ్వాలన్న ప్రశ్నకు బ్రిటన్ వయసును, ఇంజను శక్తిని మెట్లుగా పేర్చుకుంటూ వచ్చింది. భారతదేశం ప్రధానంగా గేరు ఉందా, లేదా అన్న ఒక్క గీతతో సరిపెట్టుకుంది. ఆ గీత ఎలా ఏర్పడిందో, ఎక్కడ చెరిగిందో చెప్పడమే ఈ చరిత్రలో ముఖ్యభాగం.

బ్రిటిష్ మూలాలు

బ్రిటన్‌లో 1903 మోటార్ కార్ చట్టం డ్రైవర్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. అది 1904 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఐదు షిల్లింగులు కడితే లైసెన్సు చేతికి వచ్చేది, పరీక్ష ఏమీ ఉండేది కాదు. కారుకు 17 ఏళ్లు నిండాలి, మోటారు సైకిలుకు 14 చాలు. రెండు చక్రాల బండిని పెద్ద సైకిలుగా చూసిన కాలం అది. 1930 చట్టం ఆ వయసును 16కు పెంచింది. డ్రైవింగ్ టెస్టు 1935 జూన్ 1 నుంచి తప్పనిసరి అయింది.

ఆ తరువాతి కథ ఆసక్తికరమైనది. 1961లో లెర్నర్లకు 250 సీసీ పరిమితి పెట్టారు. 1971 డిసెంబరులో 16 ఏళ్లవారిని 50 సీసీ మోపెడ్లకే పరిమితం చేశారు. మోపెడ్ అంటే తొక్కే పెడళ్లు ఉండాలన్నది నిర్వచనం. తయారీదారులు ఆ నిర్వచనాన్ని అక్షరాలా పాటించి, అసలైన మోటారు సైకిలుకే పెడళ్లు తగిలించి అమ్మారు. యమహా ఎఫ్ఎస్1-ఇ వాటిలో బాగా పేరు పొందింది. చట్టం 1977లో గంటకు 30 మైళ్ల వేగ పరిమితితో జవాబు చెప్పింది. లెర్నర్ల పరిమితి 1983లో 125 సీసీకి తగ్గింది. 1990 డిసెంబరు 1 నుంచి రోడ్డెక్కే ముందే ప్రాథమిక శిక్షణ (సీబీటీ) తప్పనిసరి చేశారు. పరీక్షకంటే ముందు శిక్షణను నిలబెట్టిన ఈ పద్ధతి మెచ్చుకోదగినది. 2013 నుంచి ఏ1, ఏ2, ఏ అనే మూడు మెట్లు వచ్చాయి. భారతీయ లైసెన్సును బ్రిటన్ తన లైసెన్సుతో మార్చి ఇవ్వదు. అందువల్ల అక్కడ స్థిరపడిన తెలుగువారు మొదటి 12 నెలలు మన లైసెన్సుతో నడిపినా, ఆ తరువాత మళ్లీ లెర్నరుగా మొదలుపెట్టి సీబీటీకి వెళ్లవలసిందే.

1914 నుంచి 1989 దాకా

బ్రిటిష్ ఇండియా అంతటికీ వర్తించిన తొలి చట్టం 1914 భారత మోటారు వాహనాల చట్టం. అది లైసెన్సును తప్పనిసరి చేసి, 18 ఏళ్లు నిండనివారు మోటారు వాహనం నడపరాదన్నది. దాని స్థానంలో వచ్చిన 1939 చట్టం అర్ధ శతాబ్దం నిలిచింది. డ్రైవింగ్ టెస్టులో ఏమేమి చూడాలో దాని మూడో షెడ్యూలు చెప్పింది.

మొదట్లో మోటారు సైకిల్ అరుదైన వస్తువు కాబట్టి ఈ చట్టాలకు దానితో పెద్దగా పని పడలేదు. పరిస్థితి 1950ల తరువాత మారింది. సైన్యం అవసరాల కోసం తెప్పించిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 1955 నుంచి మద్రాసులో తయారైంది. 1960ల ఆరంభంలో మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ నుంచి రాజ్‌దూత్ వచ్చాయి. 1972లో బజాజ్ చేతక్, అదే దశకంలో కైనెటిక్ వారి లూనా రోడ్డెక్కాయి. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50, 1984లో గేరు లేని కైనెటిక్ హోండా, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. హైదరాబాదులో ఆల్విన్ కంపెనీ పుష్పక్ స్కూటర్లు చేసింది. ఇన్ని రకాల బళ్లలో కొన్నిటికి కాలితో, కొన్నిటికి ఎడమ చేతి పిడి తిప్పి గేరు మార్చాలి, కొన్నిటికి అసలు గేరే లేదు. కొత్త చట్టం ఈ తేడానే పట్టుకుంది.

1988 చట్టం, గేరు గీత

1988 మోటారు వాహనాల చట్టం (59వ చట్టం) 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. దాని 10వ సెక్షన్ లైసెన్సు తరగతులను వరుసగా చెబుతూ గేరు లేని మోటారు సైకిలును మొదట, గేరు ఉన్నదాన్ని రెండోదిగా పెట్టింది. లైసెన్సు కార్డు మీద ఎంసీడబ్ల్యూఓజీ, ఎంసీడబ్ల్యూజీ అన్న పొడి అక్షరాలు వీటివే. గేరు తరగతికి పై హద్దు లేదు. నూరు సీసీ బండి మీద టెస్టు పాసైన 18 ఏళ్ల కుర్రవాడు అదే కార్డుతో 650 సీసీ బండి కొనుక్కొని బయలుదేరవచ్చు. బ్రిటన్ మెట్లను చూసిన కంటికి ఇది ఉదారంగా కనిపిస్తుంది.

వయసుకు సంబంధించిన 4వ సెక్షన్ చరిత్ర మరింత చెప్పుకోదగినది. మొదట రాసిన ప్రకారం 16 ఏళ్లు నిండినవారు గేరు లేని మోటారు సైకిల్ నడపవచ్చు. ఆ మాటల్లో లూనా ఎంత ఇముడుతుందో, 98 సీసీ కైనెటిక్ హోండా అంతే ఇముడుతుంది. 1994 సవరణ (అమలు 1994 నవంబరు 14) ఆ మాటలు తీసేసి ‘50 సీసీకి మించని ఇంజను’ అన్న షరతు పెట్టింది. అయితే మైనర్లకు లెర్నర్స్ లైసెన్సు ఇవ్వాలంటే సంరక్షకుల లిఖిత సమ్మతి కావాలనే 7వ సెక్షన్‌లో ‘గేరు లేని’ అన్న పాత మాట అలాగే మిగిలింది. సవరణ చేసినవారు పక్క పేజీ తిప్పలేదన్నమాట.

ఆ తరువాత మార్కెట్ 50 సీసీని దాదాపు వదిలేసింది. స్కూటీలు పెద్దవయ్యాయి, నూరు సీసీ దాటిన ఇంజనుతో యాక్టివా వచ్చి గేరు లేని బళ్లను ఏలింది. పల్లెల్లో పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు మోసే ఎక్స్ఎల్ మోపెడ్ కూడా 70, తరువాత 100 సీసీ దరిదాపులకు చేరింది. పదహారేళ్లవారికి చట్టంలో హక్కు మిగిలింది కానీ, దానికి తగిన పెట్రోలు బండి దుకాణాల్లో కరువైంది. ఇంటర్ కాలేజీల ముందు నిలిచే స్కూటర్లలో చాలావాటికి ఈ మినహాయింపు వర్తించదు.

పరీక్షలు

మొదటిది లెర్నర్స్ లైసెన్సు కోసం రోడ్డు గుర్తులు, నియమాలపై పెట్టే పరీక్ష. 60 శాతం జవాబులు సరిగా ఉండాలి. 11వ నియమం ఇందులో చేర్చిన అంశాల్లో కాపలా లేని రైల్వే గేటు దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు ఒకటి. 2019 జనవరి నాటికి బ్రాడ్ గేజ్ మార్గాల్లో అలాంటి గేట్లన్నిటినీ తొలగించారు, ప్రశ్న మాత్రం పుస్తకంలో ఉంది.

లెర్నర్స్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. బండికి ముందు, వెనుక తెల్లని చతురస్రంలో ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదని కూడా నియమావళి కొలత ఇచ్చింది. నేర్పే లైసెన్సుదారును తప్ప ఎవరినీ వెనుక ఎక్కించుకోరాదు. ముప్పై రోజులు గడిచాకే డ్రైవింగ్ టెస్టుకు రావాలి. మూడుసార్లు తప్పితే మరో 60 రోజులు ఆగాలి.

టెస్టు ట్రాక్‌పై ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పడం జనానికి గుర్తుండే ఘట్టం. కాలు కింద ఆనిస్తే ఫెయిల్. తక్కువ వేగంలో క్లచ్, బ్యాలెన్సు ఎంత అదుపులో ఉన్నాయో ఇది బాగానే చూపిస్తుంది. హైవే మీద బ్రేకు వేయడం, లారీని దాటడం ఈ పరీక్షలో రావు. ఇటీవల కొన్నిచోట్ల ఇన్‌స్పెక్టరు కంటికి బదులు కెమెరాలు, సెన్సర్లు ఈ తప్పులు పడుతున్నాయి.

వినికిడి లేనివారికి లైసెన్సు దారి తెరిచింది 2011లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు. 2020 జూన్‌లో నియమాలు సవరించి, స్వల్ప, మధ్యస్థాయి వర్ణాంధత్వం ఉన్నవారికీ అవకాశం ఇచ్చారు. రెండూ ఆలస్యంగానైనా వచ్చిన మంచి మార్పులు.

2016 తరువాత

తెలంగాణ 2016లో ఎం-వాలెట్ ద్వారా లైసెన్సును ఫోనులోకి తెచ్చింది. డిజిలాకర్‌లోని పత్రాలు చెల్లుతాయని 2018 నవంబరులో కేంద్ర నియమావళే చెప్పింది. 2019 సవరణ చట్టం తరువాత రాష్ట్రంలోని ఏ లైసెన్సింగ్ అధికారికైనా దరఖాస్తు చేసుకోవచ్చు. 30 ఏళ్లలోపు తీసుకున్న లైసెన్సు 40 ఏళ్లు నిండేదాకా చెల్లుతుంది. లైసెన్సు లేకుండా నడిపితే చట్టంలో జరిమానా రూ.500 నుంచి రూ.5,000కు పెరిగింది. మైనరు నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి రూ.25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 199ఎ సెక్షన్ చెబుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లెర్నర్స్ లైసెన్సు ఇవ్వరు.

250 వాట్ల లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 60 కిలోలకు మించని బరువు ఉన్న బ్యాటరీ బండిని నియమావళి మోటారు వాహనంగా లెక్కించదు కనుక దానికి లైసెన్సు అక్కర్లేదు. మిగిలిన ఎలక్ట్రిక్ స్కూటర్లకు సీసీ అన్న కొలతే లేదు. అవి గేరు లేని తరగతిలోకి వస్తాయి.

గేరు తరగతి లోపల కూడా బండికీ బండికీ తేడా చూడాలని పట్టుబట్టిన రాష్ట్రం కేరళ. అక్కడ దశాబ్దాల పాటు అభ్యర్థులు ఎనిమిది అంకెను బజాజ్ ఎం80 మీద వేసేవారు. గేరు చేతి పిడిలో ఉంటుంది, బండి తేలిక, చట్టం దృష్టిలో గేరు ఉన్న బండే. 2024లో ఆ రాష్ట్ర రవాణా శాఖ టెస్టుకు కాలితో గేరు మార్చే, 95 సీసీకి తగ్గని మోటారు సైకిలే తేవాలని ఆదేశించింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి టెస్టు మైదానాల్లో ఎం80లను ఆపేశారు.