బోరుకు ముందే తెలిసిన సంగతి

మనుషుల్లో ఫ్లోరోసిస్‌ వ్యాధిని గురించి భారతదేశంలో వెలువడిన తొలి శాస్త్రీయ వివరణ తెలుగు నేలకు సంబంధించినదే. మద్రాసులోని గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. పళ్ళమీద గోధుమరంగు మచ్చలు, బిగిసిపోయిన వెన్ను, మెడ తిప్పలేని నడివయసు రైతులు: వీటన్నిటికీ మూలం బావినీళ్ళలోని ఫ్లోరైడేనని వారు తేల్చారు. పశువుల్లో ఈ జబ్బును పశువైద్యులు అంతకుముందే గమనించి ఉన్నారు.

వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకలో పేరుకుంటుంది. సంధిబంధనాలు గట్టిపడి ఎముకలా మారతాయి. వెన్నుపూసల మధ్య దారి ఇరుకై వెన్నుపాము నలిగితే కాళ్ళు చచ్చుబడతాయి. ఒకసారి వంగిన ఎముకను తిన్నగా చేసే మందు లేదు. చేయగలిగింది నీళ్ళు మార్చడమే. కాచి చల్లార్చడం ఇక్కడ పనికిరాదు సరికదా, ఆవిరైపోయిన మేరకు మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ పాలు పెరుగుతుంది.

ఆ వ్యాసం వెలువడిన ముప్ఫై ఏళ్ళకు గట్టిరాతి నేలలోకి యంత్రం దిగింది. 1966-67 బిహారు కరువులో యూనిసెఫ్ విమానాలలో డ్రిల్లింగ్ రిగ్గులను తెప్పించింది. ఒత్తిడిగాలితో రంధ్రం అడుగున సుత్తి కొడుతూ పోయే ఆ రిగ్గు, చేత్తో తవ్వితే నెలలు పట్టే పనిని గంటల లెక్కకు తెచ్చింది. 1970ల చివర ఇండియా మార్క్ 2 చేతిపంపు తోడయింది. మన ఊళ్ళలో దానిపేరే బోరింగు.

ఆ కృషిని తక్కువచేయడం అన్యాయం. మెట్లబావిలో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకునే అలవాటు తగ్గడం నారికురుపు నిర్మూలనకు ఎంతో తోడ్పడింది. దేశంలో చివరి నారికురుపు కేసు 1996లో నమోదైంది. కలరా, విరేచనాల భయం ముందు లోతునీరు వరంలా కనబడింది. లోపం రిగ్గులో లేదు. నీటిని అడిగిన ప్రశ్నలో ఉంది. అప్పట్లో మంచినీరంటే ప్రధానంగా క్రిములు లేని నీరు. రాతినుంచి ఆ నీరు ఏం కరిగించుకు వచ్చిందన్నది వెనకబడిపోయింది. గ్రానైట్ శిలలోని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీరు రాతిని అంటిపెట్టుకుని ఎంతకాలం ఉంటే, ఎంత క్షారగుణంతో, ఎంత తక్కువ కాల్షియంతో ఉంటే, అంత ఎక్కువగా అది కరుగుతుంది. వానలు తక్కువై, సేద్యం కోసం తోడేది ఎక్కువైనచోట పైనీరు అడుగంటి, మోటబావులు ఎండి, రైతు ఇంకా లోతుకు పోక తప్పలేదు. ఆ నీళ్ళే తాగడానికీ వచ్చాయి.

హెచ్చరికలు ఆగలేదు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్ళు ఒకదానికొకటి తగిలి పాదాలు ఎడమయ్యే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వర్ణించారు. అయినా ఫ్లోరోసిస్ నివారణ జాతీయస్థాయిలో ప్రత్యేక కార్యక్రమం కావడానికి 1986లో మొదలైన తాగునీటి మిషన్ రావలసివచ్చింది. మొదటి వ్యాసానికీ దానికీ మధ్య దాదాపు అర్ధశతాబ్దం. తెలియకపోవడం వేరు, తెలిసినది వైద్యపత్రికలో ఉండిపోయి ఇంజనీరు బల్లమీదకు చేరకపోవడం వేరు. నాకు రెండోదే ఎక్కువ బాధాకరం.

ఈలోగా నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970లలో నల్గొండ పద్ధతిని రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించడం దాని సారం. చవకైనదే. కాని రోజూ నీటినిబట్టి మోతాదు చూసి కలపాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఇది ఒక్కసారి కట్టి వదిలేసే పని కాదు. పంచాయతీకి రోజువారీ మనిషి కావాలి. జిల్లాపేరు ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకెక్కింది గాని, ఆ జిల్లా కష్టం తీరలేదు.

తరువాత చేసిన పని వేరు: భూజలాన్ని వదిలి నదినీటిని గొట్టాల్లో తేవడం. నల్గొండకు కృష్ణానీరు అలాగే చేరింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ దాన్ని ఇంటింటికీ విస్తరించింది. ఇంట్లో కుళాయి ఉన్నా పొలం దగ్గర మాత్రం బోరే. ఎండాకాలం నాట్లకో, కలుపుకో వెళ్ళిన కూలీ దాహమేస్తే మోటారు గొట్టం దగ్గరే దోసిలి పడుతుంది.