ప్రెషర్ కుక్కర్ పుట్టుపూర్వోత్తరాలు



"వంటింట్లో ఉండే ఆడవాళ్ళకి సైన్సెందుకు?" అని కొందరు వేళాకోళానికి అంటూంటారు. ఈసారి ఎవరైనా అలా అంటే, పొయ్యి మీద కూతపెడుతున్న కుక్కర్ని చూపించండి. దాని వయసు 340 ఏళ్ళ పైమాట. 1804లో పట్టాల మీదికెక్కిన మొదటి రైలింజను కంటే 125 ఏళ్ళు పెద్దది!

దీన్ని కనిపెట్టినవాడు డెనీ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన. 1647లో పుట్టాడు. చదివింది వైద్యం, మనసు మాత్రం యంత్రాల మీద. లండన్ వెళ్ళి రాబర్ట్ బాయిల్ అనే పేరుమోసిన శాస్త్రజ్ఞుడి దగ్గర పనిచేశాడు. 1679లో రాయల్ సొసైటీ పండితుల ముందు గట్టిగా మూత బిగించే ఒక మందపాటి పాత్ర పెట్టాడు. పేరు 'డైజెస్టర్', అంటే అరిగించేది. గట్టి ఎముకలు కూడా కొద్దిపాటి బొగ్గుతో మెత్తగా ఉడికితే బీదవాళ్ళకి బలమైన తిండి దొరుకుతుందని ఆయన ఆశ.

ఇందులో కిటుకేమిటంటారా? మామూలు గిన్నెలో ఎంత మంట పెట్టినా నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పైన పెట్టే మంటంతా ఆవిరై పోవడమే. ఆ ఆవిరిని లోపలే బంధిస్తే ఒత్తిడి పెరిగి, నీళ్ళ వేడి ఇంచుమించు 120 డిగ్రీల దాకా వెడుతుంది. గంటసేపు ఉడకని ఉలవలు కూడా దానికి లొంగుతాయి.

1682 ఏప్రిల్‌లో పాపిన్ పండితులకి ఈ పాత్రల్లోనే వండి విందు చేశాడు. ఎముకలు జున్నులా మెత్తబడ్డాయనీ, బొగ్గు 8 ఔన్సులు కూడా కాలేదనీ, విందుకి వెళ్ళిన జాన్ ఎవ్లిన్ డైరీలో రాసుకున్నాడు.

పెనం కాగిందో లేదో తెలియడానికి మనం నీళ్ళు చిలకరిస్తాం కదూ? పాపిన్ కూడా మూత మీద నీటిచుక్క వేసి, అది ఎంతసేపట్లో ఇగురుతుందో చూసి లోపలి వేడి అంచనా కట్టేవాడు! అయితే వేడి తెలిస్తే చాలదు. ఆవిరి మితిమీరితే పాత్ర పేలిపోతుంది. అందుకని మూతకి చిన్న రంధ్రం పెట్టి, దాన్ని మూసి ఉంచడానికి ఒక బరువు అమర్చాడు. ఒత్తిడి హద్దు దాటితే ఆవిరి ఆ బరువుని ఎత్తుకుని బయటపడుతుంది. మన కుక్కర్ వెయిటు దాని మునిమనవరాలే.

బరువునెత్తే ఈ ఆవిరి చేత పని చేయించకూడదా అని ఆలోచించి, గొట్టంలో ముషలకాన్ని ఆవిరితో నడిపే పద్ధతిని 1690లో ప్రకటించాడు. తర్వాత జేమ్స్ వాట్ ఆవిరి మీద తొలి ప్రయోగాలు చేసింది పాపిన్ డైజెస్టర్‌తోనే. 1879లో ఫ్రాన్సులో చాంబర్లాండ్ ఇదే సూత్రం మీద ఆటోక్లేవ్ తయారుచేశాడు. ఆస్పత్రుల్లో కత్తెరలూ, గుడ్డలూ సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధయ్యేది అందులోనే. ఆ శుభ్రత వల్ల ఎందరు బాలింతలు బతికి బయటపడ్డారో!

పాపిన్‌కి మాత్రం సుఖం లేదు. ప్రొటెస్టెంటు కావడంతో 1685 తర్వాత సొంత దేశానికి వెళ్ళే దారి మూసుకుపోయింది. ముసలితనంలో లండన్‌లో ప్రయోగాలకి డబ్బు కోసం సొసైటీని ప్రాధేయపడ్డాడు. ఆయన ఉత్తరాల్లో మనకి దొరికిన ఆఖరిది 1712 నాటిది. పేరూ డబ్బూ లేకుండానే పోయాడు.

మన దేశంలో ఇప్పటికీ పేరున్న కుక్కర్ కంపెనీలు 1959 ప్రాంతంలో తయారీ మొదలుపెట్టాయి. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో కుక్కర్ ఉంటుంది. అలవాటైన కొద్దీ భయం పోతుంది, భయంతోపాటు జాగ్రత్తా పోతుంది. అదే ప్రమాదం.

మూత పెట్టేముందు ఆవిరి రంధ్రాన్ని వెలుతురుకి పట్టి చూడండి. ఒక్క పప్పు బద్ద చాలు దాన్ని మూసెయ్యడానికి. పప్పయినా బియ్యమైనా నీళ్ళతో కలిపి సగానికి మించనివ్వకండి. సేఫ్టీ ప్లగ్ పోతే కంపెనీదే వేయించండి, చవకగా వచ్చిందని ఏదో ఒకటి బిగించకండి. ఆవిరి పూర్తిగా దిగకుండా మూతతో కుస్తీ పట్టకండి. ఒత్తిడి నిండాక మంట తగ్గించండి. కూతకూతకీ పోయే ఆవిరి మనం డబ్బిచ్చి కొన్న గ్యాసే కదా!

పాత్ర ఎంత మందంగా ఉన్నా, ఇంటిల్లిపాదినీ కాపాడేది నెత్తిమీది ఆ చిన్న బరువూ, ఆ పక్కనున్న ప్లగ్గే. రోజూ వాటిని ఒక్క క్షణం పరకాయించి చూస్తే, అదే పాపిన్‌కి మనం చెప్పుకునే కృతజ్ఞత.