నైజాం కుర్రాడు, రాజపుత్రుల కత్తి

దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న తెలుగువాళ్ళ పేర్లు చెప్పమంటే చాలామంది అక్కినేని దగ్గర మొదలుపెడతారు. కాస్త సినిమా చరిత్ర చదివినవాళ్ళు బి.ఎన్. రెడ్డిని, ఎల్.వి. ప్రసాద్‌ని, నాగిరెడ్డిని గుర్తు చేసుకుంటారు. మధ్యలో ఒక పేరు జారిపోతూ ఉంటుంది. 1974లో బి.ఎన్. రెడ్డికి, 1982లో ఎల్.వి. ప్రసాద్‌కి వచ్చిన ఆ అవార్డు, 1980లో పైడి జైరాజ్‌కి వచ్చింది. అక్కినేని కంటే పదేళ్ళు ముందు. మిగతా నలుగురూ తెలుగు సినిమాతో పెనవేసుకున్నవాళ్ళు. జైరాజ్‌కి మాత్రం తెలుగులో హీరోగా చేసిన సినిమా ఒక్కటీ లేదు. జారిపోవడానికి కారణం అదే అనుకుంటాం. కానీ కథ అంత చిన్నది కాదు.

జైరాజ్ 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టాడు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివాడు. ఇరవై ఏళ్ళకి అటూ ఇటుగా బొంబాయి రైలెక్కాడు. సినిమా మోజున్న కుర్రాడు హైదరాబాద్‌లోనే ఎందుకు ప్రయత్నించలేదన్న ప్రశ్న వస్తుంది. నిజానికి హైదరాబాద్‌లో అప్పటికే ఒక సినిమా కంపెనీ పుట్టి చచ్చిపోయింది. కలకత్తా నుంచి వచ్చిన ధీరేన్ గంగూలీ 1922 ప్రాంతంలో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. 1924లో 'రజియా బేగం' అనే సినిమాను ప్రదర్శించాడు. ముస్లిం రాణి, హిందూ ప్రియుడు, ఆ కథ నిజాంకి గిట్టలేదు. గంగూలీ సంస్థానం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. నైజాం రాజధానిలో సినిమా పరిశ్రమకి పడిన తొలి విత్తనం అలా పోయింది. ఆ తర్వాత తెర మీద కనపడాలనుకున్న నైజాం కుర్రాడికి మిగిలింది బొంబాయి దారి.

అది కొత్త దారి కూడా కాదు. బొంబాయిలో కామాటిపుర అన్న పేరే తెలుగు కామాటీల వల్ల వచ్చింది. నిజాం రాజ్యపు పల్లెల నుంచి కట్టడాల పనికి వలసపోయిన కూలీలు వాళ్ళు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్ళలో బొంబాయి బస్సు అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పాలమూరు కూలీ బొంబాయికి చేతులు అమ్ముకోడానికి పోయాడు. జైరాజ్ కాలేజీ చదువుతో, ముఖంతో, ఒళ్ళుతో పోయాడు. ఇద్దరూ ఒకటి కాదు, ఆ తేడా చిన్నదేమీ కాదు. కానీ ఇద్దరికీ సొంతగడ్డ మీద దొరకనిది ఆ నగరంలో దొరికింది.

1929లో 'జగ్‌మగతీ జవానీ' అనే మూకీలో చిన్న పాత్రతో మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండా 'రసీలీ రాణీ'లో హీరో అయ్యాడు. మూకీ సినిమాకి భాష లేదు. హీరో మాట్లాడక్కర్లేదు, పాడక్కర్లేదు. గుర్రం ఎక్కాలి, గోడ దూకాలి, కత్తి తిప్పాలి. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' మన దేశంలో ఊపేసిన రోజులవి. బొంబాయి స్టూడియోలన్నీ తమ ఫెయిర్‌బ్యాంక్స్ కోసం వెతుకుతున్నాయి. పెషావర్ నుంచి పృథ్వీరాజ్ కపూర్ దిగిందీ, కరీంనగర్ నుంచి జైరాజ్ దిగిందీ దాదాపు ఒకే సమయంలో. పంజాబీ ఏది, పఠాన్ ఏది, తెలుగు ఏది అని అప్పట్లో తెర అడగలేదు.

1931 మార్చిలో 'ఆలం ఆరా' వచ్చింది. తెర నోరు విప్పింది. ఇక్కడే చాలామంది తారల జాతకాలు తిరగబడ్డాయి. హాలీవుడ్‌లో మూకీల ప్రేమికుడు జాన్ గిల్బర్ట్ టాకీల ముందు నిలబడలేక, 1936లో 38 ఏళ్ళకే పోయాడు. మన దగ్గర మూకీల మహారాణి సులోచన, అసలు పేరు రూబీ మైయర్స్, హిందుస్తానీ నేర్చుకుని తిరిగి రావాల్సి వచ్చింది. జైరాజ్‌కి ఆ గండం తగల్లేదు. తగలకపోవడానికి కారణం హైదరాబాదే. రాజభాష ఉర్దూ, 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలన్నీ ఉర్దూలోనే సాగిన ఊరు అది. అక్కడ పెరిగిన తెలుగు కుర్రాడికి ఉర్దూ పరాయి భాష కాదు, బడి భాష, బజారు భాష. తెలుగుకి చోటివ్వలేదని మనం న్యాయంగానే నిందించే ఆ వ్యవస్థే, ఒక తెలుగువాణ్ణి బొంబాయి టాకీల్లో నిలబెట్టింది. ఈ మాట మింగుడు పడదు. పడకపోయినా నిజం.

ఇంకో తమాషా చూడండి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి దాన్ని తీసింది బొంబాయిలోనే. జైరాజ్ అప్పటికి ఆ ఊళ్ళో ఉన్న హీరో. అయినా ఈ రెండు దారులూ కలవలేదు. తెలుగు టాకీకి కావలసిన మనుషులు సురభి నాటక సమాజం నుంచి వచ్చారు. ఆ సినిమాకి పద్యం కావాలి, రాగం తీసే గొంతు కావాలి. గుర్రమెక్కే హీరోతో దానికి పని లేదు. నా ఊహ ఏమిటంటే, తెలుగు సినిమా ఆ మొదటి అడుగులోనే కోస్తా నాటకరంగం చెయ్యి పట్టుకుంది, తర్వాత మద్రాసులో స్థిరపడింది. నైజాం తెలుగువాడు తెర మీద ఎలా ఉంటాడు, ఏం మాట్లాడతాడు అన్నది దానికి చాలాకాలం ప్రశ్నే కాలేదు.

బొంబాయిలో జైరాజ్ మాత్రం ఎదుగుతూ పోయాడు. 1938లో బాంబే టాకీస్ 'భాభీ'. దర్శకుడు జర్మనీ నుంచి వచ్చిన ఫ్రాంజ్ ఆస్టిన్, నాయిక రేణుకా దేవి. కత్తి పక్కన పెట్టి, పట్నంలో బతికే చదువుకున్న యువకుడిగా కనపడ్డాడు. 1945లో దర్శకుడిగా 'ప్రతిమ' తీశాడు. అందులో హీరో అప్పుడే రెండో సినిమా చేస్తున్న దిలీప్ కుమార్. 1951లో నర్గిస్‌తో 'సాగర్' తీశాడు.

ఆ తర్వాత 50ల దశకం. దిలీప్, రాజ్, దేవ్ ముగ్గురూ ప్రేక్షకుల మనసు పట్టుకున్నాక, నలభై దాటిన జైరాజ్ మళ్ళీ కత్తి అందుకున్నాడు. 'హాతిమ్ తాయీ', 'అమర్ సింగ్ రాథోడ్', 'పృథ్వీరాజ్ చౌహాన్', 'టిపు సుల్తాన్', 'వీర్ దుర్గాదాస్'. 1963లో 'చంద్రశేఖర్ ఆజాద్'. తక్కువ బడ్జెట్ సినిమాలు, నేల టికెట్టు సినిమాలు. విమర్శకులు వీటి మీద పుస్తకాలు రాయలేదు. చిన్న ఊళ్ళ జనం మాత్రం చూశారు. రాజపుత్రుడంటే ఇలా ఉంటాడు అని ఉత్తరాది పిల్లలు నమ్మిన ముఖాల్లో ఒకటి కరీంనగర్‌ది.

ఇక్కడే నాకు పాలమూరు గుర్తొస్తుంది. ఇప్పటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పటం తీసి చూస్తే గద్వాల, వనపర్తి, అమరచింత, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు, ఇన్ని సంస్థానాలు కృష్ణా తీరాన పక్కపక్కనే కనిపిస్తాయి. కోటలు, గుర్రాలు, కవులకి సన్మానాలు, నవాబులతో తగవులు, దేనికీ కొదవ లేదు. గద్వాల కోట కట్టించిన సోమనాద్రి, కర్నూలు నవాబుతో ఆయన పోరు జానపదులు పాడుకున్న కథ. జైరాజ్ ఒంటికి అతికినట్టు సరిపోయే కథ. కానీ దాన్ని తీసేవాడు బొంబాయిలో లేడు, మద్రాసులోనూ లేడు. పల్నాటికి సినిమా దక్కింది, బొబ్బిలికి సినిమా దక్కింది. సోమనాద్రికి ఆ స్థాయి సినిమా పడలేదు. నైజాంలో పుట్టిన హీరో మార్వాడ్ వీరుడయ్యాడు, నైజాం వీరులు మాత్రం తెర బయటే ఉండిపోయారు. సినిమా వ్యాపారంలో ఈ ప్రాంతం ఇప్పటికీ 'నైజాం ఏరియా'యే. అంటే కలెక్షన్లు లెక్కపెట్టుకునే చోటు. కథలు వెతుక్కునే చోటుగా ఎంచిన రోజులు తక్కువ.

హాలీవుడ్ కూడా జైరాజ్ తలుపు తట్టింది. 1963లో మార్క్ రాబ్సన్ తీసిన 'నైన్ అవర్స్ టు రామా'లో ఆయన జి.డి. బిర్లా. గాంధీ హత్య మీద తీసిన ఆ సినిమాను మన ప్రభుత్వం నిషేధించింది. 1966లో ఎం.జి.ఎం. వాళ్ళ 'మాయా'లో నటించాడు. తర్వాత తండ్రులు, డాక్టర్లు, పోలీసు అధికారుల పాత్రలు. 'షోలే'ని పదిసార్లు చూసినవాళ్ళు కూడా అందులో కాసేపు కనపడే పోలీసు అధికారి ఎవరో గమనించి ఉండరు. ఆయనే. 2000 ఆగస్టు 11న ముంబైలో కన్నుమూశాడు.

ఇంతకీ మనం ఎందుకు మరిచిపోయాం? మొదటి కారణం, ఆయన తొలి పనిలో చూడటానికి మిగిలింది దాదాపు లేదు. మన దేశంలో 1,300 దాకా మూకీలు తయారైతే ఇప్పుడు ఉన్నవి చాలా కొద్ది. పుణేలో ఫిల్మ్ ఆర్కైవ్ పుట్టిందే 1964లో, అప్పటికే రీళ్ళు కరిగిపోయాయి, కాలిపోయాయి, వెండి కోసం అమ్ముడుపోయాయి. రెండో కారణం మన లెక్క. సినిమా చరిత్రని మనం భాషల వారీగా రాసుకుంటాం. ఆ లెక్కలో జైరాజ్ హిందీవాళ్ళకి పాత నటుడు, మనకి హిందీ నటుడు. రెండు పుస్తకాల మధ్య అట్టలో ఇరుక్కుపోయిన కాగితం.

ఇటువంటి మరుపుని ఒకాయన అంకెలతో ఎదిరించాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకి గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి జవాబిచ్చాడు. జైరాజ్‌నీ అలాగే 'మనవాళ్ళ' జాబితాలో చేర్చుకోవచ్చు, చేర్చుకున్నాం కూడా. హైదరాబాద్ రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటర్‌కి ఆయన పేరు పెట్టారు. మంచి పనే. కానీ సురవరం కేవలం పేర్లు అచ్చువేయలేదు, పద్యాలు అచ్చువేశాడు. జనం చదివి తేల్చుకోమన్నాడు.

జైరాజ్ విషయంలో ఆ రెండో పని మిగిలే ఉంది. ఆయన్ని కరీంనగర్ గర్వంగా మాత్రమే చూపిస్తే సగమే చెప్పినట్టు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు, బతుకు బొంబాయిలో: ఇది ఒక దక్కనీ మనిషి జీవితం. 1956 తర్వాత గీసుకున్న భాషా సరిహద్దుల్లో అది పట్టదు. పట్టనంత మాత్రాన మనది కాకుండా పోదు. పేరున్న థియేటర్లో ఒక శనివారం 'హాతిమ్ తాయీ' వేయండి. 'భాభీ' వేయండి. పొడుగాటి ఆ మనిషి తెర మీదికి నడిచొచ్చినప్పుడు, మనం దేన్ని పోగొట్టుకున్నామో అప్పుడు మాట్లాడుకుందాం.