రంగం నేస్తాలు

రంగూన్ మీద జపాన్ విమానాలు 1941 డిసెంబరు 23న తొలిసారి బాంబులు వేశాయి. సముద్రానికి అవతల పడిన ఆ బాంబులతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎన్నో ఇళ్లకు మనియార్డర్లు ఆగిపోయాయి. అప్పట్లో ఈ తీరం పొడవునా రంగం వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. రంగూన్‌ని మనవాళ్లు రంగమనే పిలిచారు. పోనుపోను బర్మా అంతా రంగమే అయింది. "మా తాత రంగం ఎల్లిపోనాడు" అనే మాట ఈనాటికీ ముసలివాళ్ల నోట వినిపిస్తుంది.

ఇప్పుడు విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం ఉంది. 2024 ఏప్రిల్‌లో థాయ్ ఎయిర్ ఏషియా దాన్ని మొదలుపెట్టింది. అంతకు కొన్ని నెలల ముందే థాయిలాండ్ ప్రభుత్వం భారతీయులకు వీసా లేకుండా రావచ్చంది. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయం రూపు దిద్దుకుంది. పెళ్లయిన కొత్త జంటలు, రిటైరైన మాస్టార్లు, కాలేజీ స్నేహితులు గుంపులుగా బ్యాంకాక్ వెళ్లొస్తున్నారు. వాళ్లలో చాలామందికి అది విదేశం. వాళ్ల ముత్తాతలకు మాత్రం ఆ వైపు గట్టు బాగా తెలిసిన చోటు. అక్కడ వాళ్లకు పని ఉండేది, అప్పు పుట్టేది, నేస్తాలు ఉండేవారు. ఆ నేస్తరికం ఎలా ముడిపడిందో, ఎలా తెగిందో ఇప్పుడు చెప్పుకోవాలి. చూసినవాళ్లు ఇంకా కొందరు మిగిలి ఉండగానే చెప్పుకోవాలి.

దంతపురం నుంచి నకోన్ దాకా

వంశధార ఒడ్డున, కళింగపట్నం రేవుకి ఎగువన శాలిహుండం కొండ ఉంది. అక్కడి బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఇక సరుబుజ్జిలి మండలంలో మట్టిగోడల మధ్య దంతపురం ఉంది. ఊళ్లోవాళ్లు దాన్ని దంతవక్త్రుని కోట అంటారు. బౌద్ధ గ్రంథాల్లోని కళింగ రాజధాని దంతపురం ఇదేనని మన చరిత్రకారుల్లో చాలామంది నమ్మకం. పురీ అనీ, బెంగాల్లోని దంతన్ అనీ వేరే వాదనలూ ఉన్నాయి.

కథ ప్రకారం కళింగరాజు గుహశివుడి దగ్గర బుద్ధుడి దంతం ఉండేది. శత్రువులు ముట్టడించినప్పుడు ఆయన కూతురు హేమమాల ఆ దంతాన్ని తన జడలో దాచుకుంది. భర్త దంతకుమారుడితో కలిసి సింహళానికి ఓడెక్కింది. ఇంతవరకు మనకు తెలిసిన కథే. దక్షిణ థాయిలాండ్‌లో నకోన్ సీ తమ్మరాట్ అనే పాత నగరం ఉంది. అక్కడి స్థలపురాణం ఈ కథని ఇంకో మలుపు తిప్పుతుంది. వాళ్ల ఓడ తుపానులో పగిలిందట. వాళ్లిద్దరూ ఇసుకతీరానికి కొట్టుకొచ్చి దంతాన్ని అక్కడే పాతిపెట్టారట. ఆ చోటే తర్వాత మహాధాతు స్తూపం వెలిసిందట. ఏటా మాఘపూజ నాడు అక్కడి జనం పొడవాటి వస్త్రాన్ని ఊరేగింపుగా తెచ్చి ఆ స్తూపానికి చుడతారు. సరుబుజ్జిలి పొలాల్లో మనం పట్టించుకోని పేరు ఆ ఊళ్లో ప్రతి ఏడూ తలపుకొస్తుంది.

ముఖలింగం గాంగులు వచ్చారు, వెళ్లారు. భీమిలిలో డచ్చివాళ్లు గిడ్డంగులు కట్టారు, తర్వాత ఇంగ్లీషువాళ్లు వాటిని తీసుకున్నారు. ఆ శతాబ్దాల్లో బంగాళాఖాతం దాటిన మామూలు మనుషుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. మామూలు మనిషి లెక్కల్లోకి ఎక్కింది కూలీగా మారాకే.

స్టీమరు రోజులు

1852 యుద్ధంలో రంగూన్ ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. ఐరావతి డెల్టాలో అడవులు నరికి వరి వేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఆ బియ్యానికి ఐరోపా గిరాకీ దగ్గరైంది. కోతలకు, బియ్యం మిల్లులకు, రేవులో మూటలు మోయడానికి మనుషులు కావాలి. ఇటు గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో జమీందారీ శిస్తులు, వెంటవెంటనే కరువులు. శ్రీకాకుళం అప్పటికి గంజాంలో భాగం. రెండు గట్ల అవసరాలూ ఒకదానికొకటి సరిపోయాయి.

అసలు ఆ ప్రయాణమే ఒక కథ. కళింగపట్నంలోనూ భీమిలిలోనూ ఓడ ఒడ్డుకి ఆనదు. స్టీమరు దూరంగా లంగరు వేసి నిలబడితే మనుషుల్ని మసూలా పడవల్లో అలల మీదుగా చేరవేసేవారు. విశాఖలో హార్బరు తెరుచుకుని, 1933 అక్టోబరులో ‘జలదుర్గ’ అనే ఓడ తొలిసారి లోపలికి వచ్చేదాకా అక్కడా ఇదే తంతు. డెక్కు మీద చోటు దొరికితే అదే ఇల్లు. మూట విప్పుకుని, కొంగు పరుచుకుని, ఎండకీ వానకీ ఓర్చుకుంటూ మూడు నాలుగు రోజులు గడపాలి. ఏ ఊరని అడగడంతో మాట కలిసేది. రేవు చేరేసరికి బొబ్బిలివాడికి టెక్కలివాడు తోడైపోయేవాడు.

వీళ్లని తీసుకెళ్లేది మేస్త్రీ. ఊళ్లో బయానా ఇచ్చి, టికెట్టు పెట్టి, జట్టు కట్టి తీసుకెళ్తాడు. అక్కడ కూలి చేతికి వచ్చేముందు తన వాటా కోసుకుంటాడు. అందుకే రంగం వెళ్లినవాడు మొదటి ఏడు మేస్త్రీ అప్పు తీర్చడానికే పనిచేసినట్టు ఉండేది. జట్టు మొత్తం ఒకే కొట్టులో ఉండేది. గది చాలక వంతులవారీగా నిద్రపోయేవారు. రాత్రి డ్యూటీవాడు లేచి వెళ్తే పగటి డ్యూటీవాడు ఆ చాప మీదే వాలేవాడు. ఇమ్మిగ్రేషన్ శాఖలో పనిచేసిన ఆండ్రూ అనే అధికారి 1933లో రంగూన్‌లోని భారతీయ కూలీల గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. ఈ జట్ల పద్ధతికి దొరికే మంచి సాక్ష్యాల్లో అదొకటి.

ఈ బతుకులోంచే నేస్తరికాలు పుట్టాయి. ఒకే చాప పంచుకున్నవాళ్లు, జ్వరమొస్తే గంజి కాచి పోసినవాళ్లు, ఇంటికి డబ్బు పంపలేని నెలలో చేబదులిచ్చినవాళ్లు ఆ తర్వాత చుట్టాలకన్నా దగ్గరయ్యారు. కులం వేరైనా పిల్లల పెళ్లికి పిలుచుకున్నారు. వీధిలో బర్మావాళ్లతోనూ మాట కలిసింది, కొందరు అక్కడే పెళ్లాడి సంసారాలు పెట్టుకున్నారు. దసరా, సిరిమాను పండగలు వెళ్లాక బర్మాలో కోతల కాలం. పని ముగించుకుని కొందరు వేసవికి తిరిగొచ్చేవారు. మళ్లీ ఓడెక్కడం, అదే వీధికి చేరడం, పాతవాళ్లని వెతుక్కుని పట్టుకోవడం వాళ్లకు ఏటేటా వచ్చే పండగ. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నాలుగు లక్షల జనాభాలో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్లు లక్షన్నరకు పైమాటే.

1930 మే

రంగం చరిత్రలో నన్ను ఎప్పుడూ పట్టి నిలబెట్టేది ఆ ఒక్క నెల. 1930 మే 5. ఆ వేకువకు ముందే గాంధీగారిని ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టు చేశారు. అదే రోజు రాత్రి పెగూలో పెద్ద భూకంపం వచ్చి వందల మంది చనిపోయారు. రంగూన్ కూడా ఊగిపోయింది. ఆ కొద్ది రోజుల్లోనే రేవులో తెలుగు కూలీలు పని మానేశారు. కూలి పెంచమన్నారు. మేస్త్రీ చేతికిందే బతికిన జట్లు కలిసికట్టుగా సమ్మెకి దిగి ఓడల్ని నిలబెట్టేశాయి. సరుకు కదలడం లేదని, ఓడల్లో సరుకు ఎక్కించి దించే స్టీవెడోరు కంపెనీలు బర్మా కూలీలను దింపాయి. మాంద్యం మొదలైన రోజులవి. డెల్టాలో భూమి పోగొట్టుకున్న బర్మా రైతుకు అది దొరకక దొరికిన పని.

కొన్ని వారాల్లో రాజీ కుదిరింది. కూలి కాస్త పెరిగింది. మే 26 పొద్దున తెలుగు జట్లు రేవుకి తిరిగొచ్చాయి. బర్మావాళ్లకు మాత్రం ముందుగా ఎవరూ కబురు చెప్పలేదు. వాళ్లూ ఆ పొద్దున పనికి వచ్చారు, పని లేదని పొమ్మన్నారు. ఇద్దరు పేదల్ని ఒకరి ఎదుట ఒకర్ని నిలబెట్టింది కంపెనీల లెక్క. రేవు దగ్గర మాటామాటా పెరిగింది. మధ్యాహ్నానికి గొడవ వీధులన్నీ పాకింది. రోజుల తరబడి సాగిన ఆ దొమ్మీలో నూరుమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది తెలుగు కూలీలే.

అప్పుడు రంగూన్‌లో జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ తర్వాత తన జ్ఞాపకాల్లో ఈ రోజుల గురించి రాశాడు. ప్రాణాలు దక్కించుకున్న మన కూలీలు వేలల్లో పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. వీధులు ఊడ్చేవాళ్లూ వాళ్లలోనే ఉండడంతో నగరంలో చెత్త పేరుకుపోయింది. ఎవరి చేతుల మీద ఆ ఊరు నడుస్తోందో ఊరికి ఆ వారంలో తెలిసొచ్చింది. తర్వాత రేవు పనిని రెండు జాతులవాళ్లకీ పంచే ఏర్పాటు చేశారు. చాలామంది దొరికిన ఓడెక్కి ఇంటికొచ్చేశారు.

వచ్చినవాళ్లలో ఎందరో మళ్లీ వెళ్లారు. ఆ దశాబ్దమంతా ఓడలు నడుస్తూనే ఉన్నాయి. కొట్లాట జరిగిన వీధికే తిరిగి వెళ్లి, అదే టీకొట్టు దగ్గర అదే బర్మావాడి పక్కన కూర్చున్నారు. ఆకలి తీసుకెళ్లిందని అనొచ్చు. ఆకలే అయితే అస్సాం తేయాకు తోటలు ఉన్నాయి, మలయా రబ్బరు తోటలు ఉన్నాయి. తెలిసిన ముఖం ఉన్న చోటికే మనిషి కాళ్లు లాగుతాయి. రంగం చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈ తిరుగు ప్రయాణమే.

తెగిన దారులు

1941 డిసెంబరు 23తో అదంతా ముగిసింది. బాంబులకు చెదిరి ప్రోమ్ వైపు నడక పట్టిన వేలాది కూలీల్లో చాలామందిని అధికారులు నచ్చజెప్పి వెనక్కి తిప్పారు. రేవులో సరుకు దించేవాళ్లు లేరన్నదే కారణం. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. అరకాన్ కొండల మీదుగా, తమూ దారిన మణిపూర్‌కి, హుకాంగ్ లోయ గుండా అస్సాంకి లక్షల మంది నడిచారు. కలరాతో, ఆకలితో దారిలో వేలల్లో రాలిపోయారు. ఏప్రిల్ 6న జపాన్ బాంబులు విశాఖలోనూ పడ్డాయి.

ఆ యుద్ధం థాయిలాండ్‌లో మిగిల్చిన గుర్తు కాంచనబురి. ఆ ఊరి మీదుగా బర్మా సరిహద్దు దాటే 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని జపాన్ సైన్యం 1943 అక్టోబరుకల్లా వేయించింది. 60 వేలకు పైగా యుద్ధఖైదీలతో, వాళ్లకు మూడింతలున్న ఆసియా కూలీలతో ఆ పని చేయించింది. మలయా తోటల నుంచి తరలించిన తమిళులూ తెలుగువాళ్లూ ఆ కూలీల్లో ఉన్నారు. చనిపోయిన కూలీలు 90 వేల దాకా ఉంటారని అంచనా. యుద్ధఖైదీల సమాధులు దాదాపు 7 వేలు అక్కడ వరసగా, పేర్లతో ఉన్నాయి. కూలీలకు అలాంటి సమాధులు లేవు. ఆ రైలుమార్గంలోని క్వై నది వంతెన మీద ఫొటో దిగే మనవాళ్లు ఈ సంగతి తెలుసుకుని దిగాలి.

యుద్ధం అయ్యాక కొందరు మళ్లీ రంగం వెళ్లారు. 1962లో నేవిన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు జాతీయం చేశారు, 1964లో పెద్ద నోట్లు చెల్లవన్నారు. పుట్టి పెరిగిన ఊరిని వదిలి, నగలు కూడా తీసుకెళ్లనివ్వక, వేల కుటుంబాలు ఓడలెక్కి విశాఖలోనూ మద్రాసులోనూ దిగాయి. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. ఇక్కడికొచ్చాక వాళ్లు బర్మావాళ్లయ్యారు, అక్కడున్నంతకాలం తెలుగువాళ్లు. అప్పట్లో బడిలో చదివే పిల్లలు ఇప్పుడు 70 దాటారు. పక్కింటి బర్మా స్నేహితురాలి పేరు వాళ్లకి ఇంకా గుర్తే, అడ్రసు మాత్రం లేదు.

ఇక్కడి నుంచి కథ ఒక వరసలో సాగదు. యాంగోన్‌గా పేరు మారిన రంగూన్, మౌల్మేన్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు ఇంకా ఉన్నాయి, పిల్లలకు అక్షరాలు నేర్పించుకుంటున్నాయి. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడికి వెళ్లిరావడం కష్టమైంది. 2025 మార్చి 28 భూకంపం మాండలేను కూల్చింది, బ్యాంకాక్‌లో కడుతున్న బహుళ అంతస్తుల భవనాన్నీ కూల్చింది. మేస్త్రీ చోటులోకి ఏజెంటు వచ్చాడు. ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా సైబర్ మోసాల ముఠాలకు అమ్మేస్తున్న సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. థాయ్-బర్మా సరిహద్దులోని మ్యావాడీలో ఇలాంటి ముఠాలకు చిక్కిన 549 మంది భారతీయుల్ని 2025 మార్చిలో విమానాల్లో వెనక్కి తేవాల్సివచ్చింది. బయానా తీసుకుని బయల్దేరేవాడికి అవతలి గట్టున తెలిసినవాడంటూ ఒకడుంటే ఈ మోసం ఇంత సులువయ్యేది కాదు.

అందుకే ఆ నేస్తరికాల్ని మళ్లీ కలుపుకోవాలి. యాంగోన్ వెళ్లిరావడం కష్టమైన ఈ రోజుల్లో అక్కడివాళ్లూ ఇక్కడివాళ్లూ కలుసుకోవడానికి బ్యాంకాక్ అనువైన చోటు. రెండువైపుల నుంచీ విమానాలు ఉన్నాయి. దానికి ముందు ఇక్కడ చేయాల్సిన పని ఒకటుంది. తెలుగు కథలన్నిటినీ ఒక చోట చేర్చాలన్న పట్టుదలతో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. రంగం జ్ఞాపకాలకూ అలాంటి గూడు ఒకటి కావాలి. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్ని ఊళ్లకు పంపితే ఒక్క వేసవిలో ఎంతో పని జరుగుతుంది. తాత ఏ ఓడెక్కాడు, ఏ వీధిలో ఉన్నాడు, ఎవరితో చాప పంచుకున్నాడు అని అడిగి రాసుకోవాలి. పాత ఉత్తరాల మీది అడ్రసులు, ఫొటోల వెనక రాసిన పేర్లు కాపీ చేసుకోవాలి. మీ ఇంట్లో రంగం చూసినవాళ్లు ఉంటే విశ్వవిద్యాలయం కోసం ఎదురుచూడకండి. ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చుని మొదటి పేరు రాసుకోండి.